ఎడమ లైటుకి ఎడమ భుజం

ఇరవై ఆరేళ్ళుగా బస్సు నడుపుతున్న నాకు, బస్సు ఎటు పోతోందో ఇక మీదట నా కాలి కింది రేకు చెబుతుందట. ఆ మాట అన్నది మా డిపోకి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఇంజనీరు. పొద్దున్నే షెడ్డులో ముప్పై మంది డ్రైవర్లనీ నిలబెట్టి, పన్నెండు బస్సుల్లో కొత్తగా బిగించిన సరంజామా అంతా చూపించాడు. మనిషి మర్యాదస్తుడే. ముఖం చూస్తే కోపం రాదు, మాట వింటేనే వస్తుంది.

బస్సు గీత దాటి ఎడమకి జరిగితే ఎడమ కాలి కింద రేకు వణుకుతుంది. కుడికి జరిగితే కుడి కాలి కింద పెడల్ వణుకుతుంది. ముందున్న బండికి మరీ దగ్గరైతే రెండూ వణుకుతాయి. వణికిన నాలుగు సెకన్లలో స్టీరింగ్ మీద బొటనవేలి దగ్గరున్న బటన్ నొక్కాలి. నొక్కితే డ్రైవరు మెలకువగా ఉన్నాడని మిషను రాసుకుంటుంది. నొక్కకపోతే అదీ రాసుకుంటుంది. వారంలో పది తప్పులైతే స్టీరింగ్ మీంచి దింపి డాక్టరు పరీక్షకి పంపుతారు. అలవాటు పడాలి కాబట్టి మొదటి వారం మాత్రం వదిలేస్తారు.

"గంట మోగిస్తే పోయేదిగా, ఈ వణుకుడెందుకు?" అన్నాను నేను.

"గంటలు వినీ వినీ పట్టించుకోవడం మానేస్తారండి. ఒంటికి తగిలితే మానలేరు," అన్నాడతను.

"మరి సీట్లో పెట్టొచ్చుగా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"సీట్లో పెడితే ఏం లాభం? మీరంతా ఇంటినుంచి దిండ్లు తెచ్చుకుని వేసుకుంటారు."

షెడ్డంతా నవ్వింది. నిజమే మరి, దిండు లేకుండా మా డిపోలో ఎవరూ సీటెక్కరు. నా దిండు మా ఆవిడ కుట్టింది, తొమ్మిదేళ్ళ నాటిది. నేనూ నవ్వాను గానీ లోపల ఒళ్ళు మండుతూనే ఉంది. నేను స్టీరింగ్ పట్టేనాటికి ఈయన బడిలో పలకైనా పట్టి ఉంటాడో లేదో.

ఆ రోజు ఎనిమిది ట్రిప్పులు తిప్పాను. రేకూ వణకలేదు, పెడలూ వణకలేదు. నాలాంటివాడికి ఇవేవీ అక్కర్లేదని మిషనుకే తెలిసిపోయిందని లోలోపల పొంగిపోయాను. సాయంత్రం డిపోలో బస్సు పెట్టగానే మెకానిక్కు అమ్మాయి చీటీ పట్టుకుని వచ్చింది.

"బాబాయ్, పద్నాలుగు సార్లు వణికిందంట. ఒక్కసారీ నొక్కలేదేం?"

"వణికితే కదమ్మా నొక్కడానికి. నీ మిషను పాడైంది, చూసుకో."

ఆ పిల్ల చెప్పులు విడిచి నా సీట్లో కూర్చుని, ఏదో మీట వేసింది. వేసీ వెయ్యగానే కాళ్ళు పైకెత్తేసి పకపకా నవ్వింది. "చక్కిలిగిలి పెడుతోంది బాబాయ్. బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"నువ్వు కూర్చుంటే పనిచేస్తుంది. జనం ఎక్కి బరువు పడితే పనిచెయ్యదు," అన్నాను.

అంటున్నప్పుడే అది ఎంత తెలివితక్కువ మాటో నాకు తెలుసు. పాపం, పెద్దవాణ్ణని మారుమాట్లాడకుండా రేకు మార్చింది. మర్నాడూ అదే వరస. మూడో రోజు తప్పు బూట్ల మీదకి నెట్టాను. అడుగు మందంగా ఉంది, అందుకే తగలట్లేదన్నాను. పని కట్టుకుని బజారుకి పోయి పల్చటి అడుగున్న బూట్లు కొనుక్కొచ్చాను. వీటితో కంకర మీద నడవకండి, గుచ్చుకుంటుందని దుకాణంవాడు ముందే చెప్పాడు. డిపో ఆవరణంతా కంకరే. నాకేం గుచ్చుకోలేదు. బూట్లు మంచివి దొరికాయని మురిసిపోయాను.

నా బస్సులో కండక్టరు నా బావమరిది, మా ఆవిడకి సొంత తమ్ముడు. పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే రూటు. బస్సు ఆపాలంటే నా వెనకున్న కమ్మీ మీద ఒక దెబ్బ, కదలాలంటే రెండు దెబ్బలు. గంట ఉంది, కానీ వాడు గంట ముట్టుకోడు. వేలి ఉంగరంతో కమ్మీ మీద టకటకమని కొడతాడు. అలా కొట్టీ కొట్టీ డిపోలో వాడి పేరే టకటక అయిపోయింది. సొంత పేరుతో పిలిస్తే వాడు కూడా పలకడు.

నాలుగో రోజు టకటక ఒక సంగతి కనిపెట్టాడు. నా సీటు వీపుకి వెనక, కిందగా, రెండు చిన్న లైట్లున్నాయి. ఎడమవైపొకటి, కుడివైపొకటి. కాలి కింద వణికినప్పుడల్లా అటువైపు లైటు వెలుగుతుంది. మెకానిక్కులు పరీక్షించుకోవడానికి పెట్టుకున్నవి. వాడు టికెట్లు కొట్టడం ఆపేసి నా వెనక నిలబడ్డాడు.

"బావా, వెలిగింది. ఎడమ."

"ఏం లేదురా."

"ఇంకా వెలుగుతోంది బావా."

"అయితే లైటు కూడా పాడైందేమో."

వాడు నా ఎడమ భుజం మీద తట్టాడు. ఎందుకైనా మంచిదని బటన్ నొక్కాను. లైటు ఆరిపోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. అలా మొదలైంది మా వ్యవహారం. ఎడమ లైటుకి ఎడమ భుజం, కుడి లైటుకి కుడి భుజం, రెండూ వెలిగితే రెండు భుజాల మీదా ఒక చరుపు. మిషను పాడైందని వాళ్ళు ఒప్పుకునేదాకా ఇలా లాక్కొద్దామనుకున్నాం. వెనక సీట్లలో జనం టికెట్టు టికెట్టని అరుస్తుంటే వాడు లైట్లకేసి కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తూ నిలబడేవాడు.

ఆ శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్ళతోనే వంటింట్లోకి పోయి మంచినీళ్ళు తాగుతున్నాను. మా ఆవిడ నేలకేసి చూసింది. గుమ్మం దగ్గర్నుంచి నా దాకా ఎర్రటి మచ్చలు, రెండడుగులకొకటి.

"ఎవరికి తగిలింది దెబ్బ?" అని నేనే అడిగాను.

ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కుడి మేజోడు లాగింది. మడమలో చిన్న రంధ్రం, దాన్నుంచి రక్తం. లేచి వెళ్ళి బూటు తెచ్చి లోపల చెయ్యి పెట్టి చూసి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అడుగులోంచి ఒక మొల అర అంగుళం లోపలికి పొడుచుకొచ్చి ఉంది.

"ఎప్పుడు గుచ్చుకుంది?"

"తెలీదు."

"తెలీదేంటండీ? ఇంత మొల."

"తెలీదంటున్నానుగా," అని కసిరాను.

ఆవిడ గుడ్డతో మడమ తుడుస్తూ, తల ఎత్తకుండానే అంది. "ఈమధ్య మెట్లు దిగేటప్పుడు కూడా కాళ్ళకేసి చూసుకుంటూ దిగుతున్నారు. నడుం నొప్పేమో, చెప్పట్లేదేమో అనుకున్నాను."

రక్తం చూస్తే బెదిరిపోయే మనిషిని కాదు నేను. కానీ ఆ రక్తం నాదని ఇంకొకరు చెప్పాల్సి వచ్చేసరికి బెదిరిపోయాను. రేకు మార్చిన మెకానిక్కు పిల్ల గుర్తొచ్చింది.

సోమవారం నన్ను సెలవు పెట్టించి మరీ ఆస్పత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. "కాలికి ఏదైనా తగిలినట్టనిపిస్తే చెప్పండి," అంది. నేను కళ్ళు మూసుకుని కాచుకున్నాను. ఎంతసేపటికీ ఆవిడ మొదలుపెట్టదే. పక్క గదిలో ఎవరో దగ్గుతున్నారు. ఏవో కాగితాలు కదిలాయి. చివరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మొదలుపెట్టండి డాక్టరు గారూ. అవతల చాలామంది ఉన్నారు."

"రెండు కాళ్ళూ అయిపోయాయండి," అందావిడ.

కళ్ళు తెరిచాను. ఆవిడ ఒక చేతిలో సన్నటి ప్లాస్టిక్ తీగ, ఇంకో చేతిలో రెండు కొమ్ముల ఇనుప కడ్డీ. కడ్డీని అరచేతి అంచుకి కొట్టి నా చెవి దగ్గర పెట్టింది. జుమ్మని మోగింది. అలా మోగుతున్న కడ్డీనే నా కాలి బొటనవేలి మీద ఆనించింది. ఆనించడం కళ్ళతో చూస్తున్నాను. వేలికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. మా ఆవిడ పక్కన కూర్చుని నా ముఖంకేసి చూస్తోంది, ఏదో ఒకటి చెబుతానేమోనని.

పదేళ్ళుగా ఒంట్లో ఉన్న చక్కెర కాళ్ళలో నరాల్ని తినేసిందట. చక్కెర ఉన్న సంగతి నాకు తెలుసు. మాత్రలు గుర్తొచ్చిన రోజు వేసుకుంటూ, గుర్తురాని రోజు మానేస్తూ నెట్టుకొచ్చాను.

"మీరేం పని చేస్తారు?"

"బస్సు డ్రైవరునండి."

రాస్తున్న చెయ్యి ఆగింది. "మరి పెడల్ మీద కాలు ఎక్కడుందో మీకెలా తెలుస్తుంది?"

"చూసుకుంటాను," అన్నాను.

ఆలోచించుకునేలోపే నోట్లోంచి వచ్చేసింది. అప్పుడు బల్ల మీద కూర్చునే నాకు అంతా అర్థమైపోయింది. కాలు ఎక్కడుందో చూసుకోవడానికి తల దించుతున్నాను. తల దించిన ఆ కాసేపట్లో బస్సు పక్కకి జరుగుతోంది. జరిగినప్పుడల్లా రేకు వణుకుతోంది. ఆ వణుకు నా కాలికి చేరట్లేదు. మిషను మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది, నేనే దాన్ని నానా మాటలూ అన్నాను.

"నడపకండి," అంది డాక్టరమ్మ. "కాగితం రాసిస్తాను. రేపే మీ ఆఫీసులో ఇవ్వండి."

ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో కూడా చెబుతాను, నన్ను తిట్టుకోండి. మా డిపోలో స్టీరింగ్ దిగిన డ్రైవర్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. బస్సు వస్తే కడ్డీ ఎత్తాలి, పోతే దించాలి. ఇప్పుడక్కడ కూర్చున్నది ఒకప్పుడు నాకు డ్రైవింగ్ నేర్పిన మామ. నాకు మామ కాదు, డిపో మొత్తానికి మామ. కళ్ళు మసకబారి దిగిపోయాడు. మేం పోతూ పోతూ హారన్ కొట్టి "ఏం మామా" అంటాం. ఆయన చెయ్యూపుతాడు. నాలుగేళ్ళుగా నేను గమనిస్తున్నది ఇంకోటుంది. బస్సు మలుపు తిరుగుతున్నప్పుడు, కుర్చీలో కూర్చున్న ఆయన కుడికాలు నేల మీద బ్రేకు తొక్కుతుంది. ఆ కుర్చీ తలచుకుంటే నాకు ఊపిరాడదు. స్టీరింగ్ వెనక కూర్చుంటేనే నేనొక మనిషిని. దిగితే ఇంట్లో, వీధిలో నన్నడిగేవాడెవడు?

మా ఆవిడకి మాత్రం కాగితం ఇచ్చేశానని చెప్పాను. వేరే డ్రైవరు దొరికేదాకా నడపమన్నారని కూడా కలిపాను. ఆవిడ నమ్మింది. ముప్పై ఏళ్ళలో నేనామెతో అబద్ధం చెప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే నమ్మింది. టకటకకి అసలు సంగతి చెప్పేశాను. వాడు నవ్వడం ఆ రోజుతో సరి.

ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో నాకే తెలియదు. పొద్దున సీటెక్కితే సాయంత్రం దిగేదాకా చొక్కా వీపుకి అంటుకుపోయి ఉండేది. చూపు రోడ్డు మీద, మనసంతా భుజాల మీద. వాడి చెయ్యి ఎప్పుడు పడుతుందా అని భుజాలు రెండూ చెవుల దాకా లేచి ఉండేవి. మెడ పట్టేసి పక్కకి తిరగడం కూడా కష్టమైపోయింది. ఒకరోజు వెనక సీట్లో ఎవరో తగువు పెట్టుకుంటే టకటక అటు పోయాడు. నేను కాలికేసి చూసుకుని తల ఎత్తేసరికి బస్సు పక్క రేకుని బయటినుంచి ఎవరో దబదబా బాదుతున్నారు. ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పి బటన్ నొక్కేశాను. సైకిలు మీద పోతున్న మనిషి. బస్సుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోబోయి, కాలు నేలకానించి ఎలాగో నిలబడ్డాడు. కిటికీలోంచి నన్ను తిట్టరాని తిట్లు తిట్టాడు. నన్నెవడైనా ఒక మాటంటే పది అప్పజెప్పే నేను, తల వంచుకుని కూర్చున్నాను.

"బావా, ఇక చాలు," అన్నాడు టకటక ఆ రోజు చెయ్యి కడుక్కుంటూ.

"చూద్దాంలే," అన్నాను.

ఇక చూడ్డానికేమీ మిగల్చకుండా, ఆ శనివారం డిపో మేనేజరు అందర్నీ ఆవరణలోకి పిలిచాడు. పక్కనే ఇంజనీరు, చేతిలో కాగితాలు. మేనేజరు గొంతు సవరించుకుని చదివాడు. మూడు వారాల్లో ఒక్క తప్పు కూడా లేని డ్రైవరు డిపో మొత్తం మీద ఒక్కరేనట. వణికిన ప్రతిసారీ రెండు సెకన్లలోపే బటన్ నొక్కారట. ఆ ఒక్కడూ ఎవడో నాకు ముందే తెలిసిపోయి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు. మెకానిక్కు అమ్మాయి "బూట్లు మార్చాక కుదిరిందన్నమాట బాబాయ్" అంది. ఇంజనీరు వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒంటికి తగిలితే మానలేరని చెప్పానా లేదా?"

"చెప్పారు," అన్నాను.

"అందుకే," అన్నాడు మేనేజరు, "సోమవారం నుంచి కండక్టరు లేని బస్సు మన రూట్లో మొదలుపెడుతున్నాం. జనం తలుపు దగ్గర కార్డు ఆనించి ఎక్కుతారు. లోపల డ్రైవరొక్కరే. మొదటి బస్సు ఎవరికివ్వాలా అని ఆలోచించే పనే లేకపోయింది."

చప్పట్లు మళ్ళీ మోగాయి. నిరుటి వరకూ అలాంటి మాట వింటే వారం రోజులు కాలర్ ఎగరేసుకు తిరిగేవాణ్ణి.

బస్సులు కడిగే చోట టకటక నన్ను పట్టుకున్నాడు. "ఇప్పుడే పోయి చెప్పు బావా. నేనూ వస్తాను."

"చెబితే నీ మెడకీ చుట్టుకుంటుందిరా."

"చుట్టుకోనీ. రెండు వారాలుగా నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఆ లైట్లే వెలుగుతున్నాయి. నేను లేకపోతే నీకెవరు చెబుతారు?"

"నాకెవరూ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళూ ఎవరు చెప్పారు?"

"ఇన్నేళ్ళూ నీకు కాళ్ళున్నాయి," అన్నాడు వాడు.

వాణ్ణి చెంప మీద కొట్టాను. పెళ్ళి నాటికి వాడికి పదేళ్ళు, నా వేలు పట్టుకుని తిరిగినవాడు. అంతకుముందు ఎప్పుడూ కొట్టలేదు. వాడు చెంప కూడా తడుముకోలేదు. అలా నాకేసి చూస్తూ నిలబడ్డాడు. నేనే అక్కణ్ణుంచి వచ్చేశాను. అక్కకి ఫోన్ చేస్తాడేమోనని ఆదివారమంతా బిక్కుబిక్కుమంటూ గడిపాను. చెయ్యలేదు.

సోమవారం ఉదయం ఏడున్నరకి కొత్త బస్సు తీశాను. అందులోనూ అదే సరంజామా. మేనేజరు తలుపు దగ్గర నిలబడి ఫొటో తీయించుకున్నాడు. గేటు దగ్గర మామ కడ్డీ ఎత్తి నాకు సెల్యూట్ కొట్టాడు. నేను హారన్ కొట్టలేదు.

మొదటి రెండు స్టాపులూ గడిచాయి. జనం కార్డులు ఆనించి ఎక్కుతున్నారు, కీ కీమని చప్పుడు. నాలో నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే కాలికేసి చూడాలి, చూసిన వెంటనే తల ఎత్తాలి, తల ఎత్తగానే బటన్ నొక్కెయ్యాలి. వణికినా నొక్కుతాను, వణక్కపోయినా నొక్కుతాను. కానీ రోడ్డు ఎప్పుడు ఖాళీగా ఉంటుంది? కూడలి దగ్గర కాలు బ్రేకు మీదుందనుకుని తొక్కాను, బస్సు ముందుకి దూకింది. కిందకి చూస్తే కాలు బ్రేకు అంచునుంచి జారి పక్క పెడల్ మీదుంది. చేతి బ్రేకు లాగేశాను. నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. దాటుతున్న ముసలాయన బస్సు ముందు అద్దానికి జానెడు దూరంలో ఆగిపోయి, నాకేసి చూసి, కర్ర ఊపి వెళ్ళిపోయాడు.

"కొత్త బస్సు కదా, బ్రేకులు బిగుతు," అన్నారెవరో వెనక. నా చేతులు చెమటకి స్టీరింగ్ మీద జారుతున్నాయి.

వంతెన ఎక్కాం. అప్పుడు నా ఎడమ భుజం మీద ఎవరో తట్టారు.

అలవాటుగా బటన్ నొక్కేశాను. టకటక వచ్చేశాడు, నేను కొట్టినా వచ్చేశాడు అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల ఎత్తి అద్దంలో చూశాను. నా వెనక సీట్లో రోజూ మా బస్సెక్కే పెద్దావిడ కూర్చుని ఉంది. పొద్దున కూతురింటికి పోయి మనవల్ని చూసుకుని సాయంత్రం తిరిగొస్తుంది. ఒళ్ళో సంచి పెట్టుకుని, ముందుకి వంగి, నా సీటు వీపుకేసి చూస్తోంది.

"ఎడమ లైటు వెలిగింది బాబూ," అంది.

"మీకెలా తెలుసమ్మా?"

"రోజూ చూస్తున్నానుగా. ఇదేంటని కండక్టరు బాబునడిగితే కొత్త రూలన్నాడు. ఇవాళ అతను రాలేదు కదా, ఎవరో ఒకరు తట్టాలి కదాని ఈ సీట్లో కూర్చున్నా."

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ క్షణంలో నా ప్రాణం కుదుటపడింది. వంతెన దిగి బజారు చేరేలోపు ఆవిడ నాలుగుసార్లు తట్టింది. నాలుగుసార్లూ నొక్కాను. పక్క సీటావిడతో కూతురి అత్తగారి సంగతులు చెబుతూ, మధ్యలో "ఆగు" అని నా భుజం తట్టి, మళ్ళీ అత్తగారి దగ్గరకి పోయేది. బస్సులో యాభై మంది ఉన్నారు. వాళ్ళందరి ప్రాణాలూ ఆ అత్తగారి కబుర్ల మధ్యలో ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే, నేనేమో హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాను.

బజారు స్టాపులో పక్క సీటావిడ దిగిపోయింది. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకమ్మాయి ఎక్కి ఆ చోట్లో కూర్చుంది. బస్సు కదిలాక పెద్దావిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నేను వచ్చే స్టాపులో దిగిపోతాను. తర్వాత నువ్వు చూసుకోవాలి. ఇదిగో, ఈ లైటు వెలిగితే ఆయన ఎడమ భుజం తట్టు. అది వెలిగితే కుడి భుజం. రెండూ వెలిగితే కాస్త గట్టిగా చరుచు."

"ఎందుకండీ?"

"బస్సు పక్కకి పోతోందని."

"ఆయనకి తెలీదా?"

"తెలిస్తే మనం తట్టడమెందుకమ్మా?" అంది పెద్దావిడ, ఎంతో ఓపిగ్గా.

ఆ అమ్మాయి పిల్లని కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుంది, తట్టడానికి వీలుగా. మార్చుకున్నాక ఏదో తట్టినట్టు ఆగిపోయింది. తల ఎత్తి అద్దంలో నాకేసి చూసింది. పట్టుమని పాతికేళ్ళుండవు.

"డ్రైవరు గారూ, నిజమేనా? మీకు తెలీదా?"

రూలమ్మా అని ఒక్క మాటంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. ఆ పిల్లకి నెలల వయసు, తల్లి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"తెలీదమ్మా," అన్నాను.

"అయితే ఆపండి. నేను దిగిపోతాను."

ఆపాను. ఆపడానికి ముందు తల దించి, కాలు ఎక్కడుందో చూసుకుని, అప్పుడు బ్రేకు తొక్కాను. ఆ అమ్మాయి అది కూడా చూసింది. తలుపు తీశాను. పిల్లని గుండెకి హత్తుకుని గబగబా దిగి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. ఇంకా మూడు స్టాపుల దూరం ఉందో, ఆరు స్టాపుల దూరం ఉందో. ఎండలో నడిచే పోయింది.

తలుపు మూసే మీట మీద చెయ్యి వేశాను. వేసి, మళ్ళీ తీసేశాను. చేతి బ్రేకు లాగి, ఇంజన్ ఆపి, మేనేజరుకి ఫోన్ చేశాను.

"సార్, బజారు దాటాక బస్సు ఆపాను. ఇంకో డ్రైవర్ని పంపండి."

"ఏమైంది? కొత్త బస్సుకి అప్పుడే ఏమొచ్చింది?"

"బస్సుకేం కాలేదు. నా కాళ్ళకి స్పర్శ లేదు సార్. మీ రేకు వణకడం నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. మూడు వారాలుగా డాక్టరు కాగితం నా దగ్గరే ఉంది."

మేనేజరు మెల్లగా అడిగాడు. "మరి ఆ బటన్లన్నీ ఎవరు నొక్కారయ్యా?"

"నేనే నొక్కాను సార్."

వెనక జనం గుసగుసలు మొదలుపెట్టారు. ఒకళ్ళిద్దరు లేచి నిలబడ్డారు. పెద్దావిడ సంచి ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, కంగారుగా నా ముఖంలోకి వంగి చూసింది. అనుకోకుండా నా భుజం మీద చెయ్యి వేసింది.

"నేనేమైనా తప్పు తట్టానా బాబూ?"

"లేదమ్మా," అన్నాను. "మీరు సరిగ్గానే తట్టారు."